గోడకు ఎడమవైపు

కళ్లజోళ్ల డాక్టరుకీ ఆయన బావమరిదికీ అన్ని విషయాల్లోనూ పొత్తు కుదిరింది, ఒక్కదానిలో తప్ప. ఇంతవరకూ పుట్టిన రేసు డ్రైవర్లందరిలోకీ గొప్పవాడెవడన్న మాట వచ్చిందంటే చాలు, ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

డాక్టరు తుఫాను అనే డ్రైవరు పక్షం. జోరువానలో మిగతావాళ్లంతా బిక్కుబిక్కుమంటూ నడుపుతుంటే తను మాత్రం ఎండలో షికారుకొచ్చినట్టు దూసుకుపోయేవాడని తుఫానుకి పేరు. బావమరిది పిల్లి పక్షం. పిల్లి అవసరానికి మించి పిసరంత కూడా వేగంగా పోయేవాడు కాదు. కానీ ఏడాది చివర చూస్తే కప్పు అతని చంకలోనే ఉండేది. వాళ్ల అసలు పేర్లు ఈ ఇంట్లో ఎవరూ వాడరు. పత్రికలవాళ్లు పెట్టిన ముద్దుపేర్లే చెల్లుబాటు.

ఇంతకీ ఈ ఇద్దరు వీరాభిమానుల సొంత వాహనయోగం అంతంతమాత్రం. డాక్టరు కారు నడుపుతుంటే సైకిళ్లవాళ్లు బెల్లు కొట్టి మరీ దాటుకుపోయేవారు. బావమరిది ఇన్సూరెన్సు కంపెనీ ఉద్యోగి. గుద్దుకున్న కార్లను చూసి తప్పెవరిదో తేల్చడం ఆయన పని. నుజ్జునుజ్జయిన బండ్లు రోజూ చూసి చూసి సొంత కారు జోలికే పోలేదు. ఎక్కడికైనా బస్సే.

వాదం ఎక్కడ మొదలైనా వచ్చి వచ్చి ఒక మలుపు దగ్గర ఆగేది. ముప్ఫై ఏళ్ల కిందటి రేసు అది, ఆ ఏటికి ఆఖరిది. ముందు పోతున్న గోడ అనే డ్రైవర్ని దాటితే తుఫాను ఛాంపియన్. దాటలేకపోతే పిల్లి. ఈ గోడ ఏనాడూ కప్పు ముట్టుకోని మనిషి, కానీ వెనకున్నవాణ్ణి దాటనివ్వకపోవడంలో మొండిఘటం. ఆ మలుపులో తుఫాను ఎడమవైపు నుంచి దూరాడు. గోడ ఎడమకి తిప్పాడు. తుఫాను కారు పల్టీలు కొట్టింది, కాలు విరిగింది. కప్పు పిల్లి ఇంటికి పోయింది.

"కావాలనే గుద్దాడ్రా వాడు! లేకపోతే మీ పిల్లి మొహానికి ఆ కప్పా?" అనేవాడు డాక్టరు.

"బావా, నేను ఇన్నేళ్లుగా ఇన్ని కార్లు చూశాను. కావాలని ఎవడూ గుద్దడు. చూసుకోడు, అంతే."

"పట్టపగలు! పక్కన అద్దం ఉంది, మొహాన కళ్లున్నాయి. ఎందుకు కనపడదురా?"

డాక్టరు భార్య షాపు కౌంటర్లో ఫ్రేములు చూసుకునేది. ఒకరికి పెళ్లాం, ఇంకొకరికి అక్క కాబట్టి ఇద్దరినీ తిట్టే హక్కు ఆవిడకుంది. "కాలు విరిగినాయన పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని హాయిగా ఉన్నాడట. మీ ఇద్దరికే ఇంకా కట్టు విప్పలేదు," అనేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం షాపులోకి తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఈ మధ్యే ఈ ఊళ్లో చెల్లెలి ఇంటికి దగ్గర్లో దిగాననీ, డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కి కంటి సర్టిఫికెట్ కావాలనీ అన్నాడు. ఆ చదునైన గడ్డం, ఆ మెడ తిప్పడం చూడగానే డాక్టరు చేతిలో ఉన్న టార్చి కిందపడింది. గోడ. స్వయంగా గోడ. తన తుఫాను కాలు విరగ్గొట్టిన గోడ వచ్చి తన కుర్చీలోనే కూర్చున్నాడు.

డాక్టరు టార్చి తీసుకుని, ఇంకేమీ పైకి కనపడనివ్వలేదు. మనసులో మాత్రం, వీడికి చుక్కల మందు కాస్త ఎక్కువ వేస్తే పాపమా అనుకున్నాడు. తర్వాత వృత్తి ధర్మం గుర్తొచ్చి, తెర మీద అక్షరాలు వెలిగించి, కుడికన్ను పరీక్షించాడు. మసకగా ఉందని కిందా మీదా పడి సగం చదివాడు గోడ. తర్వాత కుడికన్ను మూసి, ఎడమకంటితో చదవమన్నాడు డాక్టరు.

గోడ అదే సగాన్ని గడగడా చదివేశాడు. తడబాటు లేదు, పద్యం అప్పజెప్పినట్టు చదివాడు.

డాక్టరుకి అక్కడే అనుమానం వచ్చింది. చదువుతున్న కన్ను అక్షరాల మీద లేదు. ఎక్కడో కిటికీ వైపు ఒరిగిపోతోంది. చడీచప్పుడు లేకుండా బటన్ నొక్కాడు. తెర మీద పాత అక్షరాలు పోయి కొత్తవి వచ్చాయి.

"ఇంకోసారి చదవండి సార్."

గోడ మళ్లీ అవే పాత అక్షరాలు గడగడా చదివాడు.

"ఇవి మారాయి సార్," అన్నాడు డాక్టరు మెల్లగా.

గోడ కుడికన్ను తెరిచి తెర చూసుకున్నాడు. తర్వాత నిట్టూర్చి, "మా రోజుల్లో బోర్డులు గోడకి మేకు కొట్టి ఉండేవండీ. ఇలా మారేవి కావు," అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"పుట్టినప్పటినుంచి. వెలుతురు తెలుస్తుంది, అంతే. మా అమ్మకి తెలుసు. ఇప్పుడు మీకు తెలుసు."

డాక్టరు లైటు వేసి చూశాడు. కన్ను కన్నులాగే ఉంది. చిన్నప్పుడే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసింది. ఆ వయసులోనే అద్దాలు పెట్టి ఉంటే దారికొచ్చేది. ముప్ఫై ఏళ్లుగా తాను అరిచి గోల చేసిన ఆ మలుపు ఉన్నట్టుండి కళ్లముందు తిరిగింది. తుఫాను వచ్చింది ఎడమవైపు నుంచి. ఈ మనిషికి ఎడమవైపే లేదు.

"కుడికంట్లో శుక్లం ముదిరింది సార్. ఆపరేషన్ అయ్యేదాకా నేను సంతకం పెట్టలేను," అన్నాడు డాక్టరు.

"కూరగాయల మార్కెట్ దాకా పోవడానికి కూడానా?"

"అక్కడికి కూడా."

"రేసులవాళ్లు ఏటా పెట్టేవారండీ సంతకం!" అని గోడ నవ్వేశాడు. వెంటనే నవ్వు ఆపి, "ఈ సంగతి..." అన్నాడు.

"కుర్చీలో చెప్పింది కుర్చీలోనే ఉంటుంది సార్. మా ఆవిడకి కూడా చెప్పను."

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇద్దరూ గదిలోంచి బయటికొచ్చేసరికి, అక్కకి ఏదో ఇచ్చిపోదామని వచ్చిన బావమరిది కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్క చూపులో గుర్తుపట్టేశాడు. డాక్టరు కళ్లతో ఎంత సైగ చేసినా లాభం లేకపోయింది. గోడ రెండు చేతులూ పట్టుకుని, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రావాలంతే, కాదంటే కుదరదని ఒప్పించాడు. తన ఇంటికి కాదు, బావ ఇంటికి.

ఆదివారం డాక్టరే వెళ్లి గోడను కార్లో తీసుకొచ్చాడు. భోజనాల దగ్గర గోడ మర్యాదస్తుడిలా మెలిగాడు. ఇల్లు బాగుందన్నాడు, డాక్టరు భార్య పెంచిన మొక్కల పేర్లడిగాడు. బావమరిది మాత్రం ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి ఆయన్నే చూస్తున్నాడు. చివరికి ఆగలేకపోయాడు.

"సార్, మా ఇంట్లో శాంతి మీ చేతిలో ఉంది. ఒక్కమాట చెప్పండి చాలు. ఆ రోజు ఆయన ఎడమవైపు వస్తున్నట్టు మీరు చూడలేదు కదా? మా బావ నమ్మడు. మీ నోటితో చెప్పండి."

గోడ డాక్టరు వైపు చూశాడు. డాక్టరు మంచినీళ్ల జగ్గులోకి చూస్తున్నాడు.

"చూశాను," అన్నాడు గోడ.

"చూసి?"

"చూసే తిప్పాను. ఆ కుర్రాడు ఆ ఏడాది మరీ ఎగిరెగిరి పడ్డాడు. కాస్త నేల మీదకి దించుదామనిపించింది."

ముప్ఫై ఏళ్లు ఏ మాట కోసం ఎదురుచూశాడో ఆ మాట వినగానే డాక్టరు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. బావమరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. లేచి, చెయ్యి తుడుచుకుని, బల్ల చుట్టూ తిరిగొచ్చి డాక్టరు ముందు నిలబడ్డాడు.

"ఓడిపోయాను బావా. నువ్వే కరెక్టు. పిల్లిది దొంగ కప్పు. తుఫానే గొప్పవాడు."

"ఇప్పుడవన్నీ ఎందుకురా, కూర్చో," అన్నాడు డాక్టరు. గెలిచిన మనిషి అలా నీరుగారిపోవడం చూసి భార్య గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సాయంత్రం గోడను ఇంటి దగ్గర దింపడానికి డాక్టరే కారు తీశాడు.

"గేరు మార్చండి సార్, ఇంజను ఏడుస్తోంది," అన్నాడు గోడ.

డాక్టరు గేరు మార్చి, "ఎందుకండీ అబద్ధం చెప్పారు?" అని అడిగేశాడు.

"దుర్మార్గుడంటే జనం పక్కకి తప్పుకుంటారండీ. గుడ్డివాడంటే చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తారు. నాకు మొదటిదే నయం." మళ్లీ తనే అన్నాడు. "అదొక్కటే కాదులెండి. కావాలని గుద్దానంటే అది రేసు. కనపడకుండా ఇన్నేళ్లు నడిపానంటే అది నేరం. ఆ అబ్బాయి కాలికి నేను ఏం జవాబు చెప్పను?"

"అసలెలా నడిపారండీ?"

"చెవులతో. ఎడమవైపు ఇంజను చప్పుడు వింటూ పోయేవాణ్ణి. ఎప్పుడూ ఎడమ అంచు పట్టుకునే ఉండేవాణ్ణి, అటునుంచి ఎవడూ రాకుండా. జనం మొండితనం అన్నారు. భయమండీ అది. ఆ మలుపులో అంచు వదిలాను. వెనక రెండు కార్లున్నాయి, చప్పుళ్లు కలిసిపోయాయి."

డాక్టరు కారు పక్కకి తీసి ఆపేశాడు. ఒంటికన్నుతో, చెవులతో, గుండె నిండా భయంతో, ప్రపంచంలోని మహామహుల్ని అన్నేళ్లు తన వెనకే ఉంచిన మనిషి! ఇంతకన్నా గొప్ప డ్రైవరు ఇంకెవడు పుడతాడు? ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఈ మనిషి ఇరవయ్యో ఏట తన కుర్చీలోకి వచ్చి ఉంటే, ఒక్క బటన్ నొక్కి, ఇంటికి పొమ్మనేవాడు తను. అదే న్యాయం కూడా.

"ఇక్కడెందుకు ఆపారు? ఇది మలుపు. వెనకనుంచి వచ్చేవాడికి మనం కనపడం," అన్నాడు గోడ.

ఆ తర్వాతి కథ అందరికీ నవ్వులాటయింది. బావమరిది తుఫాను భక్తుడైపోయాడు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడి ఉత్సాహంతో, డాక్టరుకి కూడా తెలియని తుఫాను రేసులు తవ్వి తీశాడు. ఆఫీసులో ప్రతి ప్రమాదం వెనకా ఏదో కుట్ర ఉందని వాదించి పై అధికారి చేత చీవాట్లు తిన్నాడు. డాక్టరేమో నెలరోజులు ముభావంగా తిరిగి, ఒక ఆదివారం అందరూ ఉండగా బాంబు పేల్చాడు.

"గొప్పవాడు తుఫాను కాదు. గోడ."

బావమరిది పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "ఒక్క కప్పు లేదు బావా ఆయనకి! పైగా కాలు విరగ్గొట్టానని నీ ఎదురుగానే ఒప్పుకున్నాడు. ఏం చూసి గొప్పవాడంటావు?"

"చెప్పలేను."

"చెప్పలేని గొప్ప ఏం గొప్ప?"

డాక్టరు మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. జన్మలో మొదటిసారి ఆయన చేతిలో తిరుగులేని వాదం ఉంది, దాన్ని వాడే వీల్లేదు. పంతం, వయసు మీదపడ్డ చాదస్తం అని బావమరిది జాలిపడ్డాడు. డాక్టరు భార్య మాత్రం జాలిపడలేదు. ఆ మంగళవారం ఆ పెద్దమనిషి సర్టిఫికెట్ లేకుండా బయటికి రావడం, ఎడమవైపున్నవి చూడాలంటే మెడంతా తిప్పడం ఆవిడ కౌంటరు నుంచి చూసింది. ముప్ఫై ఏళ్లు కళ్లజోళ్లు అమ్మిన మనిషికి ఆ మాత్రం అర్థం కాకుండా ఉంటుందా? మొగుడి పళ్లెంలో ఇంకొంచెం వడ్డించి ఊరుకుంది.

గోడ శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాడు. కుడికన్ను చక్కగా తేరుకుంది, ఒక్క కన్నున్నవాళ్లకి రూల్సు ఒప్పుకున్న మేరకు డాక్టరు ఈసారి సంతకం పెట్టాడు. భోజనాలకి రావడం ఆయనకీ అలవాటయింది. ఒక ఆదివారం బావమరిది ఆయన్నే పంచాయితీకి కూర్చోబెట్టాడు.

"మీరే తేల్చండి సార్. మా బావ మిమ్మల్నే అందరికన్నా గొప్ప అంటున్నాడు."

గోడ డాక్టరు మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత ఉందో, మందలింపు ఉందో డాక్టరుకి తెలియలేదు.

"తుఫానేనండీ. సందేహమే లేదు," అన్నాడు గోడ. "మీ బావగారికి కళ్ల గురించి తెలిసినంత రేసుల గురించి తెలియదు."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఒక్క క్షణం ఆగి డాక్టరు కూడా నవ్వి, గోడ కంచం వైపు జగ్గు జరిపాడు, కుడివైపు నుంచి.