మెరిసే వైపు బొట్టు

కుర్చీ సందులోకి మోచేయి దాకా చెయ్యి దూర్చి కోటయ్య ఒక ముద్దను బయటికి లాగాడు. సగం కరిగిన చాక్లెట్టు, దానికి అంటుకున్న వెంట్రుకలు, ఎవరో నమిలి దాచిపెట్టిన బబుల్‌గమ్. "థూ! వీళ్లు నోటితో తింటారో, ఇంక దేంతో తింటారో" అని గొణుక్కుంటూ బకెట్లో పడేశాడు. వెనక వరసలో మిరపకాయ బజ్జీ తొడిమ దొరికింది. దాని పక్కనే చేతి నూనె తుడుచుకుని ఉండచుట్టిన కాగితం. తోలు కుర్చీలు, గోడంత తెర, చల్లటి గాలి, అన్నీ ఉన్నాయి. ఏం లాభం? మనిషిని ఎక్కడ కూర్చోబెట్టినా బుద్ధి కుర్చీ కిందే బయటపడుతుంది.

ఈ గది మురళీధర్ సావుకారుది. గిద్దలూరులో ఎరువుల దుకాణం ఆయనది. ఇంటి మీద అంతస్తు వేసి, కిటికీలు పూడ్పించి, సొంతానికి సినిమా హాలు కట్టుకున్నాడు. రోజూ రాచర్ల వైపు నుంచి ఆటోలో వచ్చి ఇల్లు, దుకాణం, ఈ గది ఊడ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోవడం కోటయ్య పని. డెబ్బై దాటిన మనిషి. ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లు మోకాళ్లను వంచేశాయి, పళ్ల మీద ఇటుకరంగు చారలు దించాయి. మోచేతులు పూర్తిగా చాపలేడు. ముక్కు మాత్రం ఎప్పుడూ పైకి ముడుచుకునే ఉంటుంది, దేన్నో వాసన చూసి విసుక్కున్నట్టు.

ఆ ముడత బజార్లోని పాత సినిమా హాల్లో పడింది. ఆ హాలు పడగొట్టేదాకా అందులో ఊడ్చింది కోటయ్యే. జనానికి సినిమా అంటే పాటలు, కొట్లాటలు. ఆయనకు సినిమా అంటే మూలమూలనా గుట్కా ఉమ్ములు, చంటిపిల్లల దొడ్డికి, తాగుబోతుల వాంతులు. ఎంత మంచి సినిమా ఆడితే అంత కసువు. నూరు రోజులు ఆడిందని ఊరంతా బ్యానర్లు కడితే, కోటయ్య ఫినాయిలు డబ్బా పట్టుకుని ఆ హీరోను తిట్టుకునేవాడు. లోపల కూర్చుని ఒక్క సినిమా పూర్తిగా చూసిన పాపాన పోలేదు.

అట్లాంటి మనిషి ఈ రోజు కొరియర్ బండి కోసం పొద్దుటినుంచి చెవి గుమ్మానికి వేసి పని చేస్తున్నాడు.

రాబోయేది సావుకారు తెప్పిస్తున్న ఒక పాత సినిమా డిస్కు. ఆ సినిమాలో ఒక తిరునాళ్ల ఉంది. దాన్ని దిగువమెట్ట దగ్గర అడవి అంచున తీశారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లను లారీల్లో తోలుకుపోయి, పెరుగన్నం పెట్టి, గుంపులో నిలబెట్టారు. కోటయ్య భార్య రోశమ్మ కూడా వెళ్లింది, చంకలో కూతురు నాగిని ఎత్తుకుని. నాగి వాళ్ల ఒక్కగానొక్క పిల్ల. సినిమా ఇంకా బయటికి రాకముందే, ఆ వానాకాలం, వాంతులూ విరేచనాలూ పట్టుకుని చచ్చిపోయింది. ఒక్క ఫోటో లేదు. కూలికి పోయేవాళ్లకు ఫోటో తీయించాలని తోస్తుందా?

సినిమా గిద్దలూరుకు వచ్చినప్పుడు రోశమ్మ ప్రతి ఆటకూ వచ్చేది. కోటయ్యే వెనక తలుపు తీసి లోపలికి పంపేవాడు, తను మాత్రం చీపురు పట్టుకుని బయటే నిలబడేవాడు. "రావయ్యా, బిడ్డ కనపడతాంది" అని పిలిస్తే "రేపు చూస్తాలే" అనేవాడు. రేపు రేపంటూనే సినిమా మారిపోయింది. ఆ తర్వాత టీవీలో ఒకసారి వచ్చింది, మొన్న పక్కింటి వాళ్లు ఫోన్లోనూ చూపించారు. రెండింట్లోనూ నాగి నువ్వుగింజంతే. అది పిల్లో, మూటో కూడా తెలియలేదు.

రోశమ్మ బతికున్నన్నాళ్లూ ఆ మొహం ఆమె దగ్గర భద్రంగా ఉండేది. "ముక్కు నీదే, కండ్లు మా అమ్మవి" అని చెబుతుండేది. రోశమ్మ కూడా పోయాక, ఒకరోజు అన్నం తింటూ నాగిని తలుచుకోబోతే మొహం రాలేదు. గౌను గుర్తుంది, కాళ్ల కడియాలు గుర్తున్నాయి. మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ పూట కోటయ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది, అన్నం కుక్కకు వేశాడు. ఎంగిలి కాగితాలు ఎక్కడ పడ్డాయో గుర్తుంచుకునే బుర్ర, కన్నబిడ్డ మొహాన్ని ఊడ్చి పారేసిందే!

ఈ సంగతి సావుకారికి చెప్పలేదు. చెబితే అయ్యో పాపం అంటారు. ఆ మాట కోటయ్యకు ఉమ్ముకన్నా అసహ్యం.

కొరియర్ రానే వచ్చింది. మురళీధర్ పెట్టె కత్తిరించి డిస్కును వేళ్ల కొసలతో ఎత్తి పట్టుకున్నాడు. కొడుకు ఫణికృష్ణ మొహం చిట్లించాడు.

"మళ్లీ ఒకటి తెప్పించినావా నాయనా? అదే సినిమా ఫోన్లో ఊరికే వస్తాంది గదా."

"ఫోన్లోది నీళ్లు కలిపిన పాలురా. ఇది గుమ్మపాలు. పాత రీలు తీసుకోని మరకా గీతా లేకుండా కడిగినారంట. చెట్టు మీద ఆకులు లెక్కపెట్టొచ్చు."

"ఆకులు లెక్కపెట్టుకునేదానికా అంత పోసి కొనేది?"

"నెట్టులోది ఈ పొద్దు ఉంటాది, రేపు వాడు పీకేస్తాడు. ఇది నా అల్మారాలో ఉంటాది. నేను పోయినా ఉంటాది" అన్నాడు మురళీధర్.

పోయినా ఉంటుందన్న మాట కోటయ్యకు నచ్చింది. సావుకారు డబ్బు చేసే పనుల్లో ఇంతవరకు ఆయనకు నచ్చింది ఇదొక్కటే.

డిస్కు దేవుడి గదిలోకి వెళ్లింది. ఆ ఇంట్లో ఏ కొత్త వస్తువైనా మురళీధర్ భార్య మహాలక్ష్మమ్మ చేతి బొట్టు లేకుండా వాడరు. ఫ్రిజ్జుకు పెట్టింది, ట్రాక్టరుకు పెట్టింది, కరెంటు మీటరుకూ పెట్టింది. ఆమె తడి గంధం అద్ది, మీద కుంకం పెట్టబోయి ఆగింది. "బొమ్మ వైపు పెడితే హీరోయిన్ మొహం మీద పడతాది, ఆడకూతురు, బాగుండదు" అని డిస్కును తిప్పి, అద్దంలా మెరిసే వైపు నిండుగా బొట్టు పెట్టింది. హారతి చూపించి డబ్బాలో పెట్టి మూసింది. గుమ్మం దగ్గర తడిగుడ్డ పిండుతున్న కోటయ్య కూడా లోపలికి ఒక దండం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం వెళ్లిపోవాల్సిన మనిషి మేడమెట్లు కడగాలన్నాడు. కడిగినవే మళ్లీ కడిగాడు. సాయంత్రం అందరూ పైకి వస్తుంటే తలుపు పక్కన నిలబడ్డాడు.

"నువ్వు సినిమా చూస్తావా కోటయ్యా! వానొస్తాదేమో" అని నవ్వి, "కింద కూర్చో" అన్నాడు మురళీధర్. డబ్బా తెరిచి, బొమ్మ వైపు పైకి ఉండేలా డిస్కును మిషన్లోకి తోశాడు.

సినిమా మొదలైంది. నిజమే, ఆకులు లెక్కపెట్టొచ్చు. హీరో మొహాన పౌడరు ఎక్కడ ఆగిందో, విగ్గు ఎక్కడ అతికిందో తెలుస్తోంది. కోడలు హరిత పాప్‌కార్న్ నములుతూ నవ్వింది. కోటయ్య నవ్వలేదు. పాప్‌కార్న్ తివాచీ మీద పడుతున్నా అటు చూడలేదు. తిరునాళ్ల వచ్చింది. డప్పులు, రంగులరాట్నం, గుంపు. కెమెరా గుంపు మీదుగా మెల్లగా జరుగుతూ జరుగుతూ వచ్చి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

డప్పు చప్పుడు ఆగింది. బొమ్మ కదలడం లేదు. గోడ నిండా ఒక పిల్ల మొహం.

తల్లి చంకలో ఉంది. తల్లి మొహం అటు తిరిగి ఉంది, భుజమే కనబడుతోంది. పిల్లకు నూనె లేని ఎర్ర జుట్టు. కంటి మూల పుసి. పెదవి చివర చిన్న పుండు, దాని మీద ఈగ. ముక్కు నుంచి రెండు ధారలు పైపెదవి దాకా జారి, వెలుతురుకు తళతళా మెరుస్తున్నాయి.

"ఛీ!" అంది హరిత, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "తినేటప్పుడు ఏంది మామయ్యా ఇది?"

"ఇందుకా నాయనా కొన్నది?" ఫణికృష్ణ పగలబడి నవ్వాడు. "గుమ్మపాలు గాదు, గుమ్మచీమిడి! ఎంత క్లియర్‌గా ఉందో సూడు."

"ఎక్కడి నుంచి పట్టుకొచ్చినారో, కడుక్కోని పిల్లల్ని" అంది మహాలక్ష్మమ్మ. మురళీధర్ మిషను మీద చేత్తో తట్టాడు. బొమ్మ కదల్లేదు.

కోటయ్య ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. మొహం మీద ఎక్కడ చూసినా ఆయనకు ఛీ అనాల్సింది ఏమీ కనబడలేదు. ఉమ్ములకు, వాంతులకు, కుర్చీ కింద ముద్దలకు ముడుచుకునే ముక్కు ఇప్పుడు ముడుచుకోలేదు. పాపకు జలుబు చేసింది, అంతే. ఇంత జలుబు చేస్తే ఎవరూ తుడవలేదే అని బాధ కలిగింది.

కుడిచేతిలో పొద్దుటి నుంచీ పట్టుకున్న మురికి గుడ్డ ఉంది. దాన్ని కింద పడేసి, భుజం మీది తెల్ల తువ్వాలు తీశాడు. తన నీడ పిల్ల మీద పడకుండా గోడవారగా ఒదిగి, చాపరాని చెయ్యి చాపగలిగినంత చాపి, తువ్వాలును తెర ముందు పట్టాడు. పిల్ల ముక్కు, పెదవి, ఆ మెరుపు అన్నీ వచ్చి తువ్వాలు మీద పడ్డాయి.

"చీదు తల్లీ" అన్నాడు మెల్లగా. "చీదమ్మా, గట్టిగా."

"తాతా! స్క్రీను ముట్టుకోవద్దు, పాడైపోతాది!" అని అరిచి ఫణికృష్ణ రిమోట్ నొక్కాడు. గోడ తెల్లబడిపోయింది. ఎవరో లైటు వేశారు.

మురళీధర్ డిస్కు బయటికి తీసి తిప్పి చూశాడు. మిషను చదవాల్సిన మెరిసే వైపు ఎర్రగా, ముద్దగా బొట్టు. "నీ బొట్టు పాడుగాను! దీనికి గూడా పెట్టినావా?" అని పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. "మంచి జరగాలని పెడితే తప్పా?" అని ఆమె. కొనేటప్పుడే చెప్పానని కొడుకు. ఇంకొకటి తెప్పిస్తానని తండ్రి. ఆ చీమిడి మొహం మళ్లీ చూడాలా అని కోడలు.

"సావుకారయ్యా" అన్నాడు కోటయ్య తలుపు దగ్గర నుంచి. "రేపటి నుంచి నేను రాను."

"ఏంది కోటయ్యా, ఉన్నట్టుండి? ఎవరన్నా ఏమన్నా అన్నారా నిన్ను?"

"అన్నారు." ఆయన గుమ్మం దాటాడు. "నన్ను గాదులే."

మెట్లు ఒక్కొక్కటే దిగిపోయాడు. వంగిన మోకాళ్లతో దిగడం ఆలస్యమే అయింది, అయినా ఎవరూ పిలవలేదు. వాకిట్లో చెప్పులు తొడుక్కుని ఆటోల వైపు నడుస్తూ కళ్లు మూసుకుని చూసుకున్నాడు. ముక్కు తనదే. కండ్లు రోశమ్మ తల్లివి.

పైన వాదులాట సద్దుమణిగాక, తెర కింద చెక్క పలక మీద హరితకు కోటయ్య తువ్వాలు కనబడింది. రెండు వేళ్లతో ఎత్తబోయి ఆగింది. ఉతికి ఆరేసిన వాసన, మరక లేదు, తడి లేదు. దాని ఒక కొస మాత్రం లోపలికి మడిచి పెట్టి ఉంది, పిల్ల ముక్కు తుడిచాక ఎవరికీ కనబడకుండా మడిచినట్టు.