గొంగళిపురుగు సంగతి

తగరపువలస దాటాక రోడ్డుపక్క టీ కొట్టు దగ్గర ఎల్లారావు అంబాసిడర్ కారు ఆపాడు. ఇంజను కాగిపోయిందనీ, నీళ్ళు పోయకపోతే విశాఖపట్నం దాకా లాగదనీ చెప్పి బానెట్ ఎత్తాడు. సాలూరు నుంచి బయల్దేరాక ఇలా ఆగడం ఇది మొదటిసారి కాదు.

దీవెనమ్మ కారు దిగి మనవరాలిని మునగచెట్టు నీడకి తీసుకెళ్ళింది. పిల్ల పేరు పుష్పకుమారి. ఆరేళ్ళది, ఇంట్లో పుష్పి అంటారు. పుష్పి మానుకి వీపు ఆనించి నిలబడి జంతిక కొరుక్కుంటోంది. దీవెనమ్మ కొట్టువాణ్ణి మంచినీళ్ళు అడిగి వెనక్కి తిరిగేసరికి మాను నిండా గొంగళిపురుగులు. నల్లటి నూగుతో, గుంపులు గుంపులుగా. ఒకటి పిల్ల మెడ మీదుగా గౌను లోపలికి పాకుతోంది. గబుక్కున కొంగుతో విదిలించి, పిల్లని అవతలికి లాగింది.

"ఏటమ్మమ్మా?" అంది పుష్పి.

"ఏమీ లేదు. చీమ."

పిల్ల పురుగుల్ని చూసిందంటే ఇక కారెక్కదు, ఏడుస్తుంది. అందుకే అలా చెప్పింది. ఎల్లారావు తల బానెట్ లోపల ఉంది. కూతురు ఫ్లోరెన్స్ కొట్టు వెనక ముఖం కడుక్కుంటోంది. చూసినవాళ్ళు ఎవరూ లేరు. పొయ్యిలోంచి కాస్త బూడిద తెచ్చి మెడకి రుద్దితే నూగు ఊడొస్తుందని దీవెనమ్మకి తెలుసు. రెండడుగులు వేసింది కూడా.

"అమ్మా, ఎక్కు," అంటూ ఫ్లోరెన్స్ ముఖం తుడుచుకుంటూ వచ్చింది. "చీకటి పడకుండా వన్ టౌన్ చేరాలి. రేపు పొద్దున్న ఓడ తప్పితే మళ్ళీ నెల దాకా ఇంకోటి లేదు."

దీవెనమ్మ ఆగిపోయింది. నెల దాకా అన్న మాట చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. బూడిద సంగతి కారులో చెబుదాంలే అనుకుని ఎక్కింది.

ఫ్లోరెన్స్ పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు బడి టీచరు. భర్త కృపాకర్ అక్కడే అటవీశాఖలో గుమాస్తా. నాలుగేళ్ళ కిందట ఉద్యోగం వచ్చినప్పుడు క్వార్టర్స్ లేవని, పుష్పిని తల్లి దగ్గర వదిలి వెళ్ళింది. ఇప్పుడు క్వార్టర్స్ వచ్చాయి. పిల్లని తీసుకుపోవడానికి సెలవు పెట్టుకొచ్చింది. ఆ సెలవు కూడా అయిపోవచ్చింది.

దీవెనమ్మకి విశాఖపట్నం రేవు కొత్త కాదు. చిన్నప్పుడు పెద్దన్న ఫ్రాన్సిస్ అక్కడే బర్మా వెళ్ళే రంగం ఓడ ఎక్కాడు. రెండేళ్ళలో వస్తానన్నాడు. యుద్ధం వచ్చింది, రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళు వచ్చారు, అన్న రాలేదు. ఆ తర్వాత ఆవిడ పెళ్ళి చేసుకుంది, బైబిలు ముందు పెట్టుకుని ఒంటరిగా అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది, భర్తని సమాధి చేసింది. ఎవరైనా సంచీ సర్దుకుంటుంటే మాత్రం ఇవాళ్టికీ ఆవిడకి చేతులు చల్లబడతాయి.

హనుమంతవాక దగ్గర సింహాచలం కొండ కనబడగానే ఎల్లారావు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"స్టీరింగు వదలకు బాబూ," అంది ఫ్లోరెన్స్.

"అప్పన్న సూసుకుంటాడు అమ్మగారూ."

"అప్పన్న బ్రేకు తొక్కడు కదా."

ఎల్లారావు నవ్వాడు. పుష్పి కూడా నవ్వి, మెడ గోక్కుంది. దీవెనమ్మ ఆ చేతివంక చూసింది. చెబుదామని నోరు తెరిచింది. అప్పుడే పిల్ల, "అక్కడ నా మంచం పక్కన అమ్మమ్మ మంచం ఏస్తారా?" అని తల్లిని అడిగింది.

"అమ్మమ్మ తర్వాత వస్తుందమ్మా," అంది ఫ్లోరెన్స్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

దీవెనమ్మ నోరు మూసుకుంది.

*

రేవుకి వెళ్ళే వీధిలో నూకాలు ఇల్లు. ఓడ ఎక్కేవాళ్ళకి గదులిచ్చి, అన్నం వండిపెట్టడం ఆవిడ పని. మేడ మీదికెక్కితే గోదాముల రేకుల మీదుగా ఓడ పొగగొట్టం కనిపిస్తుంది, దాని వెనక యారాడ కొండ. ఫ్లోరెన్స్ మేడెక్కి చూసొచ్చింది. ముఖంలో వెలుగుంది. "వచ్చేసింది, కట్టేసి ఉంది," అని చెప్పింది. దీవెనమ్మ మేడెక్కలేదు.

సందె దీపాలు పెట్టే వేళకి పుష్పి మంచినీళ్ళకని వంటగదిలోకి వెళ్ళింది. నూకాలు పప్పులోకి పోపు పెట్టబోతూ, మూకుట్లో ఎండుమిరపకాయలు వేసి, పిల్లకి గ్లాసందిస్తూ మెడ చూసింది. మెడనిండా, భుజాల మీద, ఎర్రగా గింజల్లాంటి పొక్కులు. చెయ్యి తగిలిస్తే ఒళ్ళు వెచ్చగా ఉంది. నూకాలు మూకుడు పొయ్యి మీదినుంచి దించేసింది. చేతులు కడుక్కుని పెరట్లోకి వెళ్ళి వేపమండలు విరుచుకొచ్చి, దీవెనమ్మ వాళ్ళ గది గుమ్మానికి దోపింది. తరవాత దీవెనమ్మ చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

"పెద్దమ్మా, నీ గుంట ఒంటి మీద అమ్మతల్లి ఆడతంది. సూసుకున్నావా?"

కాదు, గొంగళిపురుగు, అనే మాట దీవెనమ్మ నాలుక చివరికి వచ్చింది. ఒక్క మాటే. చెప్పేస్తే నూకాలు నవ్వి వేపమండలు తీసేస్తుంది, పోపు పెట్టేస్తుంది, పొద్దున్నే పిల్ల ఓడెక్కుతుంది.

"చూడలేదు," అంది దీవెనమ్మ.

మశూచి దేశంలో లేకుండా పోయిందని గవర్నమెంటువాళ్ళు గోడల మీద రాయించి ఎంతోకాలం కాలేదు. ఆటలమ్మ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏ పొక్కు చూసినా జనానికి పాత భయమే. ఓడెక్కడానికి వచ్చి వరండాలో విస్తళ్ళ ముందు కూర్చున్న బొబ్బిలి దంపతులు పప్పు కలుపుకుని ఆగారు.

"ఏటి నూకాలూ, పప్పులో పోపేదీ?" అన్నాడు ఆయన.

"ఈ పూట మా ఇంట్లో పోపు నేదు."

ఆయన భార్య గుమ్మంలో వేపమండలు చూసింది. ఇద్దరూ ఇంకేమీ అడగలేదు. నాలుగు ముద్దలు మింగి, పక్కచుట్టలు చంకన పెట్టుకుని మేడ మీదికి వెళ్ళిపోయారు. అమ్మవారు ఉన్నింట్లో ఆ ఘాటు పొగ ఆవిడకి పడదని పోపు మానేస్తారు. అందువల్ల ఎవరూ నోరు విప్పి చెప్పకుండానే ఇల్లంతా తెలిసిపోయింది. అందరికంటే ఆఖరున తెలిసింది ఫ్లోరెన్స్‌కే.

ఫ్లోరెన్స్ పిల్ల గౌను విప్పి దీపం దగ్గర చూసింది. చాలాసేపు చూసింది.

"రేవులో డాక్టరు చూస్తాడు," అంది మెల్లగా. "పొక్కులుంటే ఎక్కనివ్వరు." అంతలోనే లేచి పెట్టె తెరిచింది. "పౌడరు రాసి, పొడుగు చేతుల గౌను వేస్తాను. మెడకి రుమాలు కడతాను."

"తల్లిని పౌడరేసి దాచేత్తావేటమ్మా?" అంది నూకాలు. "తల్లి దిగి మూడు నీళ్ళు పొయ్యకండా పొలిమేర దాటకూడదు, మరి సముద్రం దాటిత్తావా? నీ పిల్లే కాదు, ఓడ నిండా పిల్లలుంటారు."

ఫ్లోరెన్స్ గుమ్మం బయట నిలబడ్డ ఎల్లారావు వంక చూసింది. "పొద్దున్నే సామానుతో గేటు దాకా దింపుతావు కదూ?"

ఎల్లారావు తువ్వాలు చేతిలో నలుపుకున్నాడు. "అమ్మగారూ, మీరు కిరస్తానీలు, మీకు పట్టింపు నేదు. నా ఇంట్లో పిల్లలున్నారు. తల్లి ఉన్న గుంటని బండిలో ఎక్కించి నాను రేవుకి తీసుకెల్లనేనండి." ఆగి, దీవెనమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మగారూ, మీరు పెద్దోరు. మీరు సెప్పండి. తల్లేనంటారా?"

అందరూ ఆవిడ వంకే చూశారు.

"నూకాలు చూసింది కదా," అంది దీవెనమ్మ. "నాకేటి తెలుసు."

"ఒళ్ళు వేడిగా ఉందా అమ్మా?" అంది ఫ్లోరెన్స్. "నువ్వు చూడు. నీ చేతికి తెలుస్తుంది."

దీవెనమ్మ పిల్ల నుదుటిమీద చెయ్యి వేసింది. ఎండలో ప్రయాణం చేసిన వేడి అది. "కాస్త వెచ్చగానే ఉంది," అంది.

ఫ్లోరెన్స్ పెట్టె మూత మూసింది. ఏడవలేదు. అదే దీవెనమ్మకి కష్టంగా ఉంది, ఏడిస్తే ఓదార్చవచ్చు. దీపం ఒత్తి తగ్గించి, పిల్ల నిద్రపోయిందో లేదో చూసి, తల్లి పక్కన చాప మీద కూర్చుంది.

"సెలవు అయిపోయింది. నేను వెళ్ళకపోతే ఉద్యోగం ఉండదు. నేనొక్కదాన్నీ వెళ్తాను. దీన్ని నీ దగ్గరే ఉంచు. మళ్ళీ సెలవు ఎప్పుడు ఇస్తారో."

దీవెనమ్మ కోరుకున్నది ఇదే. సంతోషం రావాలి. రాలేదు.

"పొద్దున్న అది లేవకముందే వెళ్ళిపోతాను," అంది ఫ్లోరెన్స్. "అప్పుడు చెప్పావే, అలాగే చెప్పు. అమ్మ బజారుకెళ్ళిందని."

నాలుగేళ్ళ కిందట దీవెనమ్మ అలాగే చెప్పింది. రెండేళ్ళ పిల్ల గుమ్మంలో కూర్చుని, సంచీ పట్టుకుని వీధిలో నడిచే ప్రతి ఆడమనిషినీ చూసేది. దగ్గరకొచ్చాక ముఖం చూసి తల దించుకునేది. అన్నం కూడా గుమ్మంలోనే తినేది. ఆ సంగతి దీవెనమ్మ కూతురికి ఎప్పుడూ చెప్పలేదు. ఫ్లోరెన్స్‌కి తెలిస్తే అక్కడ ఒక్కరోజు నిలవలేదని.

ఆ రాత్రి ఆవిడకి కన్ను మూతపడలేదు.

*

తూర్పు తెల్లబడుతుండగా ఓడ కూత కూసింది. ఫ్లోరెన్స్ చీర కట్టుకుని, చప్పుడు కాకుండా చెప్పులు చేతిలో పట్టుకుని, నిద్రపోతున్న పిల్ల ముందు వంగింది. ముద్దు పెట్టుకుంటే లేస్తుందని పెట్టుకోలేదు. జుట్టు వాసన చూసి లేచింది.

"అది తల్లి కాదే," అంది దీవెనమ్మ.

ఫ్లోరెన్స్ వెనక్కి తిరిగింది.

"గొంగళిపురుగు. తగరపువలస దగ్గర, మునగచెట్టు కింద. మెడ మీద పాకితే నేనే విదిలించాను. నూగు దిగింది. అంతే."

"మరి రాత్రి అందరూ అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే తీసుకుపోతావని."

ఫ్లోరెన్స్ తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపు ముందు దీవెనమ్మ కళ్ళు దించుకోలేదు, దించుకునే హక్కు లేదనిపించింది. కూతురు తిట్టనూ లేదు. వంగి పిల్లని లేపింది. "లే పుష్పీ. గౌను వేసుకో. ఓడెక్కాలి."

గదిలో మాటలు విన్న నూకాలు వరండాలో అడ్డం వచ్చింది. "రాత్రి నాకేటి తెలుసంది, తెల్లారేసరికి పురుగంటంది. తల్లిని కాదంటే ఊరుకోదమ్మా."

"అమ్మవారు నన్ను చూసుకుంటుందిలే నూకాలూ," అంది దీవెనమ్మ. "అబద్ధం నాది. పిల్లది కాదు."

ఎల్లారావు కారు తియ్యలేదు. చాలాసేపు తల గోక్కుని, ఆఖరికి, "బండెక్కించనన్నాను గానీ పెట్టె మొయ్యనన్నానా," అని ట్రంకుపెట్టె భుజానికెత్తుకున్నాడు. పిల్లకి మాత్రం పది బారల దూరం ఉంచుకుని నడిచాడు.

రేవు గేటు లోపల రేకుల షెడ్డులో బల్ల వేసుకుని డాక్టరు కూర్చున్నాడు. వరస పొడుగ్గా ఉంది. బొబ్బిలి దంపతులు ముందే వచ్చారు. పుష్పిని చూడగానే ఆవిడ గొంతు పెంచింది. "ఆ పిల్లకి అమ్మవారు. రాత్రి మేం దిగిన ఇంట్లో పోపు కూడా పెట్టలేదు." వరస చెదిరిపోయింది. పిల్లల్ని చంకనెత్తుకుని ఆడవాళ్ళు వెనక్కి జరిగారు. ఫ్లోరెన్స్ చుట్టూ ఖాళీ ఏర్పడింది.

డాక్టరు పుష్పిని దగ్గరకి రమ్మనలేదు. దూరంనుంచే మెడ చూసి తల అడ్డంగా ఊపాడు. "వచ్చే ఓడకి తీసుకురండమ్మా."

"గొంగళిపురుగండీ," అంది ఫ్లోరెన్స్.

"ఎవరు చూశారు?"

షెడ్డు గడప దగ్గర గార్డు దీవెనమ్మని ఆపాడు, ప్రయాణం చేసేవాళ్ళకే లోపలికి అన్నాడు. ఆవిడ అక్కడినుంచే పలికింది. జన్మలో అంత జనంలో గొంతెత్తింది లేదు. "నేను చూశాను బాబూ. నల్ల నూగుది. మునగచెట్టు మీది. నేనే విదిలించాను. రాత్రి ఏమీ తెలీదని అబద్ధం చెప్పాను, పిల్ల నా దగ్గర ఉండిపోతుందని."

డాక్టరు ఆవిడ వంక చూశాడు. తరవాత సొరుగులోంచి ప్లాస్టరు చుట్ట తీసి, ఒక ముక్క చింపి, పుష్పి మెడ మీద అంటించి లాగాడు. పిల్ల "అబ్బా" అంది. ప్లాస్టరు వెలుగులోకి ఎత్తి చూశాడు. జిగురు మీద సన్నటి నల్లటి నూగు. ఇంకో ముక్క అంటించి లాగాడు, మళ్ళీ నూగే. మణికట్టు పట్టుకుని చూశాడు, నోరు తెరిపించి చూశాడు, పొట్ట మీద గౌను ఎత్తి చూశాడు.

"వెళ్ళండి," అన్నాడు. "దురద తగ్గేదాకా గోకనివ్వకండి." చీటీ మీద ముద్ర పడింది.

ఎల్లారావు గార్డుకి పెట్టె చూపించి, ఒక్క అంగలో పది బారలూ దాటి వచ్చి పెట్టె కూలీకి అందించాడు. పుష్పి బుగ్గ గిల్లి, "ఓసి పురుగుల గుంటా," అన్నాడు.

ఫ్లోరెన్స్ తల్లి దగ్గరికి వచ్చింది. గార్డుకి ఇవతల ఒకరు, అవతల ఒకరు. దీవెనమ్మ ప్రార్థన చేసి పంపాలని చెయ్యి ఎత్తి, దించేసింది. ఫ్లోరెన్స్ కొంగు సర్దుకుంది. కిందికి చూస్తూ, "ఎల్లారావు నిన్ను ఇంటి గుమ్మం దాకా దింపుతాడు," అని మాత్రం అంది. కోపం తగ్గలేదు. తగ్గాలని దీవెనమ్మ అడగలేదు.

పుష్పి గార్డు చేతికింద నుంచి దూరి అమ్మమ్మ నడుము పట్టుకుంది. "నువ్వు బజారుకెళ్ళొస్తావా?"

"లేదమ్మా," అంది దీవెనమ్మ. "నువ్వే ఓడెక్కి మీ నాన్న దగ్గరికి వెళ్తున్నావు. నేను ఇంటికి వెళ్తాను. అక్కడే ఉంటాను."

పిల్ల ఆ మాటని కాసేపు నమిలింది. ఏడ్చింది కూడా. కానీ తల్లి చెయ్యి పట్టుకునే ఏడ్చింది.

వాళ్ళు షెడ్డు దాటి ఓడ మెట్ల వైపు నడిచారు. మధ్యలో కూలీలు, పెట్టెలు, కోళ్ళ గంపలు. దీవెనమ్మ మునివేళ్ళ మీద నిలబడింది. ఫ్లోరెన్స్ జడ కనిపించింది, పిల్ల కనిపించలేదు. "ఎల్దామా పెద్దమ్మగారూ?" అన్నాడు ఎల్లారావు. ఆవిడ ఇంకా మెట్ల వైపే చూస్తోంది.

మెట్ల మొదట్లో ఫ్లోరెన్స్ ఆగింది. ఇటు తిరగలేదు. వంగి, ఆరేళ్ళ పిల్లని చంకల కింద పట్టుకుని, జనం తలలకి పైన కనబడేలా రెండు చేతుల మీదా ఎత్తింది. పిల్ల ముఖం దీవెనమ్మ వైపే ఉంది. ఎత్తిన చేతులు దించలేదు.