మిణుకుమన్న చోట

ఆదివారం వస్తే బొమ్మరైలు మా ఇంట్లోంచి వెళ్లిపోతుంది. బొమ్మరైళ్ల క్లబ్బువాళ్లకు ఇచ్చేస్తానని అన్నయ్య మాటిచ్చేశాడు. వెనకగదిలో బల్లనిండా పట్టాలు, స్టేషను, సొరంగం, అన్నీ తన చేత్తో కట్టుకున్నవే. చూపు మసకబారాక రైలెక్కడుందో తెలియట్లేదు. అది ఆగిపోతే తడుముతూ పెట్టెల్ని పడేస్తాడు. నేను కుట్టుమిషను మీంచి లేచి పరిగెత్తాలి. "నీకెందుకే ఈ చాకిరీ" అంటాడు. ఆ మాటకే నాకు ఒళ్లు మండుతుంది.

వెలుగైతే అన్నయ్య కంటికి ఇంకా ఆనుతుంది. అందుకని పెట్టెల్లో పెట్టడానికి బియ్యపుగింజంత ఎల్ఈడీ లైట్ల కోసం కాళ్లరిగేలా తిరిగాను. ఒకాయన కారు హెడ్‌లైటు తీసి చూపించాడు. "నాయనా, మా రైలుపెట్టె నా అరచేతిలో ఇమిడిపోతుంది" అన్నాను. చివరికి రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గర దొరికాయి, లేత పసుపురంగువి. పెట్టెలు పట్టుకెళ్లి ఇస్తే, పట్టాల మీది కరెంటు చక్రాల ద్వారా లైట్లకు అందేలా ఆయనే అమర్చిచ్చాడు.

ఇంటికొచ్చి నడిపితే దీపాలు రెండడుగులకోసారి మిణుకుమంటున్నాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఫోన్ చేసి ఆ పెద్దాయన్ని కడిగిపారేశాను. పాపం, కొట్టు మూసి మరీ వచ్చాడు.

వంగి చూసి, "లైట్లు నిక్షేపంగా ఉన్నాయమ్మా. పట్టాలకి మురికి పట్టింది, అక్కడ కరెంటు అందట్లేదు, బండి ఆగినా అందుకే. కాస్త కరెంటు దాచుకునే చిన్న కెపాసిటర్ వేస్తే నిలకడగా వెలుగుతాయి" అన్నాడు.

"ఆగండాగండి" అన్నాడు అన్నయ్య. "గదిలో లైటు ఆర్పెయ్యవే."

ఆర్పేశాను. రైలు బయల్దేరింది. మలుపు దగ్గర మిణుకుమంది. అన్నయ్య బండి ఆపి, నేరుగా అక్కడికే చెయ్యి చాచాడు. గుడ్డతో పట్టా తుడిచి మళ్లీ నడిపాడు. ఈసారి మలుపులో వెలుగు చెక్కుచెదరలేదు.

"కెపాసిటర్ వద్దండీ. ఇలాగే ఉంచండి. ఎక్కడ తుడవాలో అదే చెబుతోంది" అన్నాడు.

నేను సాయానికి వెళ్లబోయి ఆగిపోయాను. బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క చోటా తనే తుడుచుకున్నాడు. ఒక్క పెట్టె కూడా పడలేదు. నేను పెద్దాయన చేతులు పట్టుకుని, "నోటికొచ్చినట్టు అన్నాను, ఏమీ అనుకోకండి. మీ మేలు ఈ జన్మలో మర్చిపోను" అన్నాను. కళ్లనీళ్లు ఆగలేదు. ఆయన మాత్రం కాస్త మంచినీళ్లిమ్మన్నాడు.

ఆదివారం క్లబ్బువాళ్లు తాళ్లూ అట్టపెట్టెలూ పట్టుకొచ్చారు. బల్ల ఎటునుంచి ఎత్తాలని అడిగారు.

"అవన్నీ బయట పెట్టి రండి, వాటితో ఇక పనిలేదు" అన్నాడు అన్నయ్య, స్విచ్చి మీద చెయ్యి వేసి. "ముందు కూర్చోండి. బండి వస్తోంది."