హర్ల్ అనే మాట మీద పంచాయితీ

మా లాండ్రీలో బట్టలు పిండే పెద్ద మెషిన్ తిరుగుతుండగానే మూత ఊడొచ్చి మా వదినను గోడకేసి కొట్టింది. కుడి చెయ్యి విరిగింది. పై ఆఫీసుకు ఇంగ్లీషులో రిపోర్టు వెళ్లాలి. ఒళ్లు దగ్గర పెట్టుకోకుండా పనిచేసి పడిపోయిందని రాస్తే ఆమె ఉద్యోగం ఊడుతుంది. మేనేజరు కోరికా అదే. టైపు చేసేది నేను. ఆవిడ నాకు వదిన అని అతనికి తెలియదు, తెలిస్తే నన్ను విచారణ గదిలోకే రానిచ్చేవాడు కాదు.

పనివాళ్ల మాటను బయటివాళ్లే ఇంగ్లీషు చెయ్యాలని కంపెనీ నియమం. అందుకని ఒక రిటైర్డ్ లెక్చరరు వచ్చాడు. మేం ఆయన్ని నిఘంటువు గారు అంటాం.

"నన్ను విసిరికొట్టింది సార్," అంది వదిన.

"అంటే ఇంగ్లీషులో హర్ల్," అన్నాడాయన. అక్కడితో ఊరుకుంటే ఆయన నిఘంటువు ఎందుకవుతాడు? కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టాడు. అది వందల ఏళ్లనాటి మాటట. మొదట్లో ఎవరూ విసరనక్కర్లేదట, దానంతటది దూసుకుపోయినా హర్లేనట. విసరడమనే అర్థం తర్వాత వచ్చి చేరిందట. చేతికి కట్టుతో వదిన నిలబడే ఉంది. ఒక కుర్చీ వేయించాలని అంత చదువుకూ తోచలేదు.

"అయితే ఆవిడంతట ఆవిడే పోయి పడిందని రాసేద్దాం," అన్నాడు మేనేజరు. ముఖం వెలిగిపోతోంది.

నిఘంటువు గారికి ఒళ్లు మండింది. "అలా ఎలా రాస్తారండీ? మాట పుట్టుక చూడాలి కదా. ఇది బహుశా చప్పుడును బట్టి పుట్టిన మాట. చప్పుడు లేనిదే ఈ మాట వాడటానికి నేనొప్పుకోను. చప్పుడు వచ్చిందా అమ్మా?"

"మూడు రోజుల నుంచీ వస్తోంది సార్. మూత వదులైందని మేనేజరు గారికి రోజూ చెబుతూనే ఉన్నా."

"అదంతా అనవసరం. టైపు చెయ్యకు," అన్నాడు మేనేజరు నాతో.

"అది తీసేస్తే నా మాట నిలబడదండీ," అన్నాడు నిఘంటువు గారు. వదిన మీద జాలితో కాదు, ఆమె ముఖం కూడా సరిగ్గా చూడలేదు. తన పాండిత్యం చెల్లితే ఆయనకు చాలు.

నేను అక్షరం పొల్లుపోకుండా అంతా టైపు చేసేశాను. ఆయన సంతకం పెట్టి కవరు అంటించి తనే పోస్టులో వేస్తానన్నాడు. వదిన మూడు రోజుల ఫిర్యాదూ కాగితం మీదికెక్కింది. ఇక మేనేజరు ఆమె ఉద్యోగం జోలికి రాలేడు.

మెట్లు దిగుతూ వదిన అడిగింది. "గంటసేపు ఏం చెప్పాడే ఆయన?"

"నువ్వు మూడు రోజులు చెప్పిందే వదినా."