తలకిందులైన వస్తాదులు

మా చెక్క అచ్చుల కొట్లో బొమ్మ చెక్కేది బావ, కాగితం మీద అచ్చు తీసేది ఆయన బావమరిది, రంగు నూరేది నేను. బావ ఉలి పట్టుకుంటే చెక్కలోని పురుగులు తమంతట తామే సంసారాలు సర్దుకుని పోయేవి. నమ్మకపోతే మీ ఖర్మ.

పాత వీడియో గేముల దుకాణం ఆయన ఒక బొమ్మ అడిగాడు. గేము తెర మీద లాగే, ఎడమ వస్తాదు గుద్దితే కుడివాడి మెడ విరిగి, నెత్తురు చదరాలు చదరాలుగా ఎగరాలి. నచ్చితే ఏడాదంతా పని ఇస్తానన్నాడు. కొట్టుకు వేరే పని లేదు. ఇది పోతే తాళమే.

ఆట అర్థం కావాలని, ఆయన మా కొట్లో పెట్టి వెళ్లిన తెర మీద బావా బావమరిదీ రోజూ ఆడారు. బావమరిది ఎప్పుడూ ఎడమవాడే, ఎప్పుడూ గెలుపే.

మామూలుగా బావ కాగితం మీద గీసి, చెక్క మీద బోర్లా అంటించి చెక్కుతాడు. ఈసారి అంతా గళ్లే కదా అని, తెర చూస్తూ చెక్క మీదే గళ్లు లెక్కపెట్టి చెక్కేశాడు. అచ్చు తీస్తే ఎడమ కుడైంది. మెడ విరిగింది ఎడమవాడికి.

"నన్నే చంపావా బావా?"

"కాగితం బోర్లా వేయడం మరిచాన్రా."

"ఇన్నేళ్లలో రాని మరుపు నా మెడ దగ్గరే వచ్చిందా?"

బావ ఊరుకోవాల్సింది. "పోనీలే, ఒక్కసారైనా ఓడావు" అని నవ్వాడు.

ఆ నవ్వు మీదే బావమరిది పిడికిలి పడింది. రెండు పళ్లు వచ్చి నా ఎర్రరంగు గిన్నెలో మునిగాయి. బావ ఉలితో వాడి భుజం చీల్చాడు. వాడు బావ జుట్టు పట్టి తలను బల్లకేసి మోదాడు. నెత్తురు గోడ మీద చిమ్మింది, ఇది మాత్రం చదరాలుగా కాదు. చివరికి వాడు గొడ్డలి ఎత్తి చెక్క మీదికి వచ్చాడు. బావ చెక్కను కౌగిలించుకుని బోర్లా పడ్డాడు.

"కొట్టరా. నన్ను దాటాకే చెక్కను కొట్టాలి."

వాడు కొట్టేవాడే. వెనక నుంచి వాళ్లక్క, అంటే బావ భార్య, కొయ్య సుత్తితో వాడి మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడుకు పక్కవీధి కుక్కలు కూడా లేచి కూర్చున్నాయి.

"అక్కా, చెయ్యి పోయింది."

"ఇంకోటి ఉందిగా. నోర్మూసుకో."

అప్పుడే దుకాణం ఆయన తలుపు తీశాడు. అక్క నెత్తురంటిన అచ్చు ఎత్తి చూపింది. రెండో చేతిలో సుత్తి అలాగే ఉంది.

"ఎడమ, కుడి మారిందండి. ఎలా ఉంది?"

ఆయన పళ్లూడిన బావను చూశాడు, చెయ్యి వేలాడుతున్న బావమరిదిని చూశాడు, గోడను చూశాడు.

"ఇలాగే బాగుంది" అన్నాడు, గుమ్మంలోకి వెనక్కి అడుగులేస్తూ.

"తర్వాతి బొమ్మ?"

"రేపే పంపిస్తానమ్మా. వేరే మనిషితో."