పెద్దోడు కోరుకున్నది

లిఫ్టులు బాగుచేసేవాళ్ళకి ఒక నియమం ఉంది. లిఫ్టు పైకప్పు మీదికెక్కి పనిచేసేవాడు ముందు మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి తన సొంత తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. అన్నదమ్ములిద్దరికీ కంపెనీ చెరో తాళం ఇచ్చింది. వీళ్ళు వాడింది మాత్రం ఒక్కటే. రెండోదాన్ని అమ్మ తన బట్టల పెట్టెకి వేసుకుంది. "ఒక్క కడుపున పుట్టాం, మన మధ్య వేరు తాళాలేంట్రా" అన్నాడు పెద్దోడు, తమ్ముడు పనిలో చేరిన మొదటి వారంలోనే. తమ్ముడు సరేనన్నాడు. అన్న ఏది చెప్పినా వాడికి సరే. అలా ఎనిమిదేళ్ళు తాళంచెవి పెద్దోడి జేబులోనే ఉండిపోయింది.

ఆ రోజు తమ్ముడు బుడ్డోడు మూడో అంతస్తు దగ్గర ఆపిన లిఫ్టు మీద నిలబడి పట్టాలకి నూనె రాస్తున్నాడు. పేరుకే బుడ్డోడు. ఇరవై ఏడేళ్ళవాడు, అన్నకంటే పొడుగు. కింద బిల్డింగు మేనేజరు పెద్దోడి చెవిలో జోరీగలా పోరు పెడుతున్నాడు. ఆరో అంతస్తు ముసలాయన మెట్లు దిగలేడట, ఇంకెంతసేపట. పెద్దోడికి విసుగెత్తింది. పనికెక్కితే వెంట ఉండాల్సిన తమ్ముడి పనిముట్ల సంచీ కింద గోడవార కనబడింది. ఓహో, దిగేసి టీకి వెళ్ళుంటాడు అనుకున్నాడు. ఒక్క కేక, ఒక్కటంటే ఒక్కటి, "ఒరే, దిగావా" అని వేసి ఉంటే సరిపోయేది. వెయ్యలేదు. తాళం తీసి స్విచ్ వేశాడు. పైన ఎవరో బటన్ నొక్కారు, లిఫ్టు కదిలింది.

బుడ్డోడు పట్టు తప్పి, లిఫ్టుకీ గోడకీ మధ్య సందులోంచి మూడంతస్తుల కింద గుంతలో పడ్డాడు. తుంటి విరిగింది, కుడికాలు రెండు చోట్ల విరిగింది, తలకి పెద్ద దెబ్బ తగిలింది. అంబులెన్సు ఇంకా రాకముందే కంపెనీ సూపర్‌వైజరు ఫోన్ చేసి ఏం జరిగిందని అడిగాడు. పెద్దోడికి కాళ్ళూ చేతులూ ఆడటం లేదు, నోరు మాత్రం బాగానే ఆడింది. "దిగేశానన్నయ్యా, స్విచ్ వెయ్యి అని కేకేశాడండీ. అందుకే వేశాను" అన్నాడు. ఆ మాట ఎక్కడినుంచి ఊడిపడిందో వాడికే తెలియదు. కానీ ఒకసారి అన్నాక అదే జరిగినట్టు అందరికీ చెప్పాడు, అమ్మతో సహా.

పదకొండు రోజులు బుడ్డోడు కళ్ళు తెరవలేదు. సాయంత్రం నాలుగింటికి మనుషుల్ని లోపలికి వదిలేవాళ్ళు. అమ్మ మంచానికి ఆ పక్క, పెద్దోడు ఈ పక్క నిలబడి ప్రార్థన చేసేవాళ్ళు. పైకి చెయ్యాలి, మనసులో గొణుక్కుంటే కుదరదు. "మనవాడి కోసం అడుగుతున్నాం, గొంతు విప్పి అడగరా" అనేది అమ్మ. ఆ పదకొండు రోజులూ పెద్దోడి ప్రార్థనలో కల్తీ లేదు. నా ఆయుష్షు కూడా పోసి వాణ్ణి బతికించు దేవుడా అని, పక్క మంచాలవాళ్ళు చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చాడు. ఎవడికి ఇవ్వాల్సిన మార్కులు వాడికివ్వాలి కదా.

పన్నెండో రోజు బుడ్డోడు కళ్ళు తెరిచి దాహమన్నాడు. అమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. డాక్టరమ్మ ఏవేవో ప్రశ్నలడిగి, పెద్దోణ్ణి వరండాలోకి పిలిచింది.

"మనుషులూ మాటలూ అన్నీ గుర్తున్నాయి. పడిన రోజు ఒక్కటే గుర్తులేదు. గుర్తు రావచ్చు, రాకపోవచ్చు. కంగారు పడకండి" అంది.

కంగారా! తమ్ముడు బతికాడని లేచొచ్చిన ప్రాణం 'రావచ్చు' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆ సాయంత్రం నుంచి వాడి ప్రార్థన రెండుగా చీలింది. పైకేమో, నా తమ్ముడు లేచి నడవాలి. లోపలేమో, వాడికి ఆ రోజు ఎప్పటికీ గుర్తు రాకూడదు. రెంటిలో ఏది ఎక్కువ గట్టిగా అడిగాడో అడిగినవాడికీ విన్నవాడికీ తెలుసు.

సేవ మాత్రం చేశాడండీ. గడ్డం గీశాడు, ఒళ్ళు తుడిచాడు, మలమూత్రాలు ఎత్తిపోశాడు. వాకరు పట్టించి నాలుగడుగులు వేయించాడు. రోజూ పొద్దున్నే, "ఏమైనా గుర్తొచ్చిందిరా" అని అడిగేవాడు. బస్సెక్కడం గుర్తుందనేవాడు బుడ్డోడు. ఇంకోరోజు, ఆ బిల్డింగు గేటు ఆకుపచ్చ రంగు కదా అనేవాడు. పెద్దోడు వెంటనే అడ్డుపడేవాడు. "బలవంతంగా ఆలోచించకు, తలనొప్పొస్తుంది" అనేవాడు. "ఇలాంటి అన్న అందరికీ ఉండడమ్మా" అని నర్సు మురిసిపోయేది. అందులో ప్రేమ కూడా ఉంది, లేదని ఎలా అంటాం? అందుకే కదా ఇంత మంట.

బుడ్డోడికి ఒకటే ధ్యాస. "కాలు కుదుటపడనీ అన్నయ్యా, మళ్ళీ లిఫ్టెక్కుతా. నాకింకో పని చేతకాదు. మేడ లోపలి ఆ చీకటి గొట్టంలోనే నాకు హాయిగా ఉంటుంది" అనేవాడు.

ఏడోవారంలో కంపెనీ సేఫ్టీ ఆఫీసరు కాగితాలు పట్టుకొచ్చాడు. మర్యాదస్తుడే. కుర్చీ లాక్కుని నెమ్మదిగా చెప్పాడు. పైన ఉండి కూడా దిగానని చెబితే, చెప్పినవాడి లైసెన్సు రద్దవుతుంది. అడగకుండా తాళం తీస్తే తీసినవాడి లైసెన్సు రద్దవుతుంది. అసలేం జరిగిందో పడ్డవాడు తన మాటల్లో రాసి సంతకం పెట్టాలి.

బుడ్డోడు అన్నవైపు తిరిగాడు.

"నాకేం గుర్తు రావట్లేదు అన్నయ్యా. నేను నిజంగా దిగానని అరిచానా?"

అమ్మ అక్కడే ఉంది. కిటికీ బయట వార్డుబాయ్ నేల తుడుస్తున్నాడు. ఒక్క నిజం మాట చాలు, తమ్ముడి పని తమ్ముడికి దక్కుతుంది.

"అరిచావురా."

"పైనే ఉండి దిగానని ఎందుకంటాను? నాకేమైనా పిచ్చా?"

"ఏమో మరి. ఆ రోజు నీ ధ్యాస ఎక్కడుందో."

బుడ్డోడు కాసేపు తన కాలివంక చూసుకున్నాడు. "నువ్వు చెప్పావంటే అంతే అయ్యుంటుందిలే" అన్నాడు. పెన్ను సరిగ్గా పట్టు దొరకలేదు. రాయడానికి పావుగంట పట్టింది. ఆఫీసరు కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నాలుగయింది. ఇవాళ ప్రార్థన నువ్వే చెయ్యరా అంది అమ్మ చిన్నకొడుకుతో. బుడ్డోడు వాకరు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"దేవుడా, నా మతిలేనితనంతో మా అన్నయ్య చేత నా మీదే స్విచ్ వేయించాను. ఇన్ని వారాలు ఎంత నలిగిపోయాడో, ఒక్క మాట అనకుండా నాకు సేవ చేశాడు. అన్నయ్యకి మనశ్శాంతినివ్వు." కళ్ళు తెరిచి, చెయ్యి చాపి అన్న చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను క్షమించానని ఒక్కసారి చెప్పు అన్నయ్యా. నీ నోట వింటే చాలు."

అమ్మ కళ్ళొత్తుకుంది. "అనరా, ఊరికే అలా నిలబడ్డావేం. వాడి మనసు తేలికపడుతుంది."

"క్షమించాన్రా" అన్నాడు పెద్దోడు.