చేతుల గోడ

సంతలో ఆడే రింగులాటనే ఒక బొమ్మగా చెక్కి పెట్టమన్నారు ప్రదర్శనశాలవాళ్లు. వడ్రంగి అంతకంటే ఒకాకు ఎక్కువే చదివాడు. గోడ నిండా ఇరవై కొయ్యచేతులు పెట్టాడు. గీత దగ్గర నిలబడి రింగు విసరాలి. వేలికి పడిందా, లోపలి తీగ లాగడంతో ఆ వేలు మెల్లిగా ముడుచుకుంటుంది.

పంతొమ్మిదింటికి వీధిలోవాళ్ల చేతులు చూసి చెక్కాడు. దర్జీది, మంగలిది, వద్దు మొర్రో అంటున్నా పక్కింటి పిన్నిది. ఇరవయ్యోదానికి ఎవరూ దొరక్క తన ఎడమచెయ్యే చూసుకున్నాడు. ఉలి జారిన మచ్చతో సహా దించేశాడు. అక్కడే కొంప మునిగింది.

మొదటిరోజు పొద్దున్నే ఎవరి రింగో ఆ చేతి చిటికెనవేలికి పడింది. కొయ్యవేలు ముడుచుకుంది. నలభై అడుగుల అవతల టీ తాగుతున్న వడ్రంగి చిటికెనవేలూ ముడుచుకుంది. చాపితే రాదు, గిల్లితే తెలియదు.

"ఏమే, నా వేలు చచ్చుబడిపోయింది!"

"నోరు బాగానే ఉందిగా, టీ తాగు," అంది పెళ్లాం.

మధ్యాహ్నానికి నాలుగు వేళ్లూ పోయాయి. బొటనవేలొక్కటే మిగిలింది. అదీ పోతే చెక్కను పట్టే చెయ్యే ఉండదు, నలభయ్యేళ్ల పని అక్కడితో సరి. పరుగున వెళ్లి శాల పెద్దను పట్టుకున్నాడు.

"ఆ ఒక్క చెయ్యీ ఊడబీకేస్తానయ్యా."

"భలేవారే మేస్త్రీ గారూ! జనమంతా దానికే గురిపెడుతుంటేనూ!"

రంపం తీశాడు గానీ, కోస్తే తెగేది ఏ చెయ్యో తెలియక సంచిలో పడేశాడు.

అది చూశాక పెళ్లాం ముఖంలో నవ్వు మాయమైంది. చరచరా గీత దాటి వెళ్లి, ఆ కొయ్యచేతిని రెండు చేతులా పొదివి పట్టుకుంది. "ఇప్పుడు వెయ్యండర్రా, చూస్తాను!"

ఇదీ ఆటలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. రింగులు ఆమె వీపుకు తగిలి కిందపడుతున్నాయి.

గీత ఇవతల నిలబడ్డ వడ్రంగి చేతిలోకి వెచ్చదనం పాకింది. వేళ్లు ఒక్కొక్కటే కదిలాయి. ప్రాణం లేచొచ్చింది.

"చాల్లే, నయమైంది. ఇక వదిలెయ్యవే!"

ఆమె వెనక్కి తిరగలేదు.

"నేనెప్పుడో వదిలేశానయ్యా," అంది చిన్నగా. "నీ చెయ్యే నన్ను వదలట్లేదు."

వడ్రంగి తన చెయ్యి చూసుకున్నాడు. అయిదు వేళ్లూ ఏమీ లేని గాలి చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. కుడిచేత్తో ఒకటి విప్పబోయాడు. అది ఇంకాస్త బిగిసింది. గోడ దగ్గర ఆమె అబ్బా అని మూలిగింది.

రింగులు పట్టుకుని వరసలో నిలబడ్డ జనం ఒకడుగు ముందుకు జరిగారు.